క్రొత్త మూత్రపిండము - పాత సున్నము

గోదావరి డెల్టాలో ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుట శ్రోతలకు తెలిసినదే. ధవళేశ్వరము వద్ద నీరు నిండుగ ఉన్నను, కాలువ పూడినచో చివరి పొలమునకు నీరందదు. మూత్రపిండ మార్పిడి పొందినవారి గుండెను గూర్చి చెప్పుటకు ఈ పోలిక తగునని మేము తలచుచున్నాము.

1954లో అమెరికాలోని బోస్టను నగరమున, కవల సోదరులలో ఒకరి మూత్రపిండమును వేరొకరికి అమర్చి వైద్యులు కృతార్థులైరి. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ శస్త్రచికిత్స జయప్రదముగ జరిగినది. నేడిది అరుదైన చికిత్స కాదు. ఇంటివారు పొలము అమ్మియో, అప్పు చేసియో దీనిని చేయింతురు. క్రొత్త మూత్రపిండము పనిచేయుచున్నదని వినగానే గండము గడచినదని ఊరడిల్లుదురు. కాని మార్పిడి పొందినవారి మరణములకు గల ముఖ్య కారణములలో గుండెజబ్బు ఒకటి. మూత్రపిండము చక్కగా పనిచేయుచుండగనే ప్రాణము పోవుటయు కలదు.

దీనికి ఒక కారణము హృదయ ధమనుల గోడలలో సున్నము పేరుట. మనము తిను ఆహారములోని భాస్వరములో ఎక్కువైన దానిని ఆరోగ్యవంతమైన మూత్రపిండములు వెలికి పంపును. అవి చెడినప్పుడు భాస్వరము రక్తములో నిలిచిపోవును. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు మితిమీరి పనిచేసి ఎముకలనుండి కాల్షియమును లాగును. అంతట ధమని గోడలోని కండర కణములే తమ స్వభావము మార్చుకొని, ఎముకను కట్టు కణములవలె ప్రవర్తించును. మెత్తని గోడ గట్టిపడును. డయాలిసిస్‌పై గడచిన సంవత్సరములు పెరిగినకొలది ఈ సున్నమును పెరుగును.

రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతితో మన ప్రాంతమునకు సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించి, బాల్యమున రాజమహేంద్రవరములో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేగారితో కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. రసాయనములు కలుపగా ఏర్పడు నీలిరంగు గాఢతను బట్టి భాస్వరమెంతయో తెలియును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యనునది ఇదియే.

మార్పిడి తరువాత రక్తములోని భాస్వరము సాధారణముగ తగ్గును. కాని అంతకుముందే గోడలో పేరిన సున్నము కరగిపోదు. కాలువలో పూడిక తీయవచ్చును. ధమనిలోని సున్నమును కరగించునని రుజువైన మందు నేటికిని లేదు. దాని పెరుగుదల కొందరిలో మందగించును; పెక్కుమందిలో సాగుచునే యుండును. పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే శాంతింపకపోవుట, క్రొత్త అవయవమును శరీరము తిరస్కరింపకుండ ఇచ్చు మందులలో కొన్ని రక్తపోటును, చక్కెరను, కొవ్వును పెంచుట ఇందుకు తోడ్పడును.

ఈ సున్నమును సి.టి. స్కాన్‌తో చూడవచ్చును. 1990లో అగాట్‌స్టన్ మున్నగు వైద్యులు తెలిపిన లెక్క ప్రకారము సున్న అంకె వచ్చినచో సున్నము కనబడలేదని అర్థము. 400 దాటినచో మిక్కిలి హెచ్చని అర్థము. ఈ పరీక్ష ఎవరికి అవసరమో వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇక ఇంటివారు చేయదగినవి. మార్పిడికై వేచియున్నవారు భాస్వరము విషయమున వైద్యుని పథ్యమును తప్పక పాటింపవలెను. మార్పిడి అయినవారు రక్తపోటు, చక్కెర, కొవ్వు పరీక్షలను మానరాదు. చుట్ట, బీడీ, సిగరెట్టు పూర్తిగ విడువవలెను. ఆవకాయ, ఉప్పుచేప వంటి వాటిలోని ఉప్పు రక్తపోటును పెంచును. సున్నము పేరునను భయముతో పాలు, పెరుగు తమంతట తాము మానుటయు తగదు. ఎముకలకు బలమని కాల్షియం, విటమిన్ డి మాత్రలు తమంతట తాము మ్రింగుటయు తగదు. తిరస్కరణను ఆపు మందులను ఒక్క పూటయైనను తప్పరాదు.

నడచునప్పుడు ఆయాసము, రొమ్ములో బిగువు కలిగినచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. మధుమేహము కలవారికి నొప్పి లేకుండగనే గుండెజబ్బు రావచ్చును. కనుక మూత్రపిండమును చూపించుకొనుటకు వెళ్లినపుడెల్ల గుండెను గూర్చియు అడిగి తెలిసికొనుట మేలు.