క్లాసుకి రాలేనివాళ్ల ప్రొఫెసర్

పట్టా చేతికొచ్చింది, ఇక చదువుతో పనేముందిలే అనుకుంటున్నారా? ఒకసారి ప్రొఫెసర్ జి. రాంరెడ్డి కెరియర్ చూడండి. ఉస్మానియాలో ప్రభుత్వ పాలనాశాస్త్రం బోధించి, అక్కడే వైస్ చాన్సలర్‌గానూ చేశారు. అక్కడితో ఆగిపోయినా ఆయనకొచ్చే లోటేం లేదు. కానీ యాభై దాటాక, 1982లో, హైదరాబాద్‌లో పెట్టిన దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మొదటి వీసీ అయ్యారు. ఇప్పటి అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ అదే. 1985లో ఇగ్నోకీ ఆయనే తొలి వీసీ. తర్వాత యూజీసీ చైర్మన్.

ఇంటర్ లేకున్నా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి ఈ చదువుల వల్లే తెరుచుకుంది. అయితే ఇక్కడ విద్యార్థి ఎదురుగా కూర్చోడు. పగలంతా డ్యూటీ చేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం తెరుస్తాడు. అందుకే పాఠమే టీచర్‌లా మాట్లాడాలి: చిన్న యూనిట్లు, ముందే లక్ష్యాలు, మధ్యమధ్యలో తనని తాను పరీక్షించుకునే ప్రశ్నలు. మీ ఫోన్‌లోని ఆన్‌లైన్ కోర్సులూ చాలావరకు ఇలాగే నడుస్తాయి.

బోధనంటే ఇష్టమా? దూరవిద్య, వయోజన విద్య కూడా కెరియర్లేనని గుర్తుంచుకోండి. ముందుగా మీకు బాగా వచ్చిన ఒక టాపిక్‌ని, పక్కన మీరు లేకపోయినా అర్థమయ్యేలా రాసి చూడండి. ఈ వృత్తికి మీరు పనికొస్తారో లేదో అక్కడే తెలిసిపోతుంది.