అయిదవ పుటలోని వార్త

1942 ఏప్రిల్ 6వ తేదీని జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. శత్రువు రేవు దిగునను భయమున మద్రాసు నగరవాసులు మూటాముల్లెలతో లోతట్టు ఊళ్లకు తరలిపోయిరి. నగరమునకు పడమటి రైలుమార్గమున చెంగల్పట్టు జిల్లాలోని తిరువళ్లూరును, ఆనాడు చిత్తూరు జిల్లాలోనుండిన తిరుత్తణియు గలవు. అట్టి ఊళ్ల చదువరులకు రైలుమీద వచ్చు మద్రాసు పత్రికయే లోకవార్తకు ఆధారము. వారు అందు మొదట వెదకినది తమ ఆపదను. అది సహజము. శత్రువు మాత్రము రాలేదు.

ఆ జూను 25వ తేదీని లండనులోని 'డెయిలీ టెలిగ్రాఫ్' పోలెండున 7 లక్షలమంది యూదులు చంపబడిరని ప్రకటించెను. ప్రకటించినది అయిదవ పుటలో! వారము దినములకు 'న్యూయార్క్ టైమ్స్' ఆ వృత్తాంతమును ఆరవ పుటలో వేసెను. డిసెంబరు 17వ తేదీని విదేశాంగమంత్రి ఈడెన్ కామన్సు సభలో మిత్రరాజ్యముల ఖండన ప్రకటనను చదువగా సభ్యులు లేచి మౌనము వహించిరి. పిదప జరిగిన కార్యము స్వల్పము. పోలెండునుండి వచ్చిన ఆ వార్తను లండనులో చాటిన యూదు నాయకుడు జీగెల్‌బోయిమ్, లోకుల ఉపేక్షకు నిరసనగా 1943 మే నెలలో ఆత్మాహుతి గావించుకొనెను. యుద్ధాంతమునకు హతులైన యూదులు సుమారు 60 లక్షలు.

కావున వార్త అందకపోలేదు, నమ్మిక కుదరలేదు. మొదటి మహాయుద్ధమున జర్మనులు శవములనుండి కొవ్వు తీయుచున్నారని ప్రచారమైన కథ బొంకని 1925లో తేలెను. ఒకమారు బొంకు విన్న చెవికి పిమ్మట నిజమును బొంకుగనే తోచెను. మన దేశమునను ఇట్టిదే జరిగినది. బెంగాలు క్షామమున జనులు వీధులలో రాలిపోవుచుండ, 1943 ఆగస్టు 22వ తేదీని 'స్టేట్స్‌మన్' పత్రిక ఛాయాచిత్రములు ప్రచురించిన పిదపగాని దూరదేశములవారు దాని ఘోరతను గుర్తింపరైరి. 1945 ఏప్రిలులో విడుదలయైన బెర్గెన్-బెల్సెన్ శిబిరపు చిత్రములును అట్లే లోకము కన్నులు తెరిపించెను. అప్పటికి చనిపోయినవారు చనిపోయిరి.

ఇందు మొదటి దోషము పత్రికలవారమైన మాదేయని ఒప్పుకొనుచున్నాము. వార్తను వేయుట ఒకటి, దానికి తగిన చోటిచ్చుట మరియొకటి. అయితే చదువరికిని బాధ్యత లేకపోలేదు. తన ఊరి భయము తీరిన పిదపనైనను పుట త్రిప్పి, పరుల ఆపదను గూర్చిన చిన్న అక్షరములను చదువవలెను. ఫోటో వచ్చువరకు వేచియుండు దయ, శవములు లేచిన పిదప వచ్చు వైద్యుని వంటిది.