విరిగిన బోల్టును వెలికి తీయడం ఎలా?

ద్విచక్ర వాహనాన్ని ఇంటివద్దనే విప్పి, శుభ్రపరచి, తిరిగి బిగించుకొనే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. ఆయిలు మార్చడం, గొలుసు సరిచేయడం, ప్లగ్గు తుడవడం వంటి పనులకు మెకానిక్కు కోసం ఎదురుచూడవలసిన అవసరం లేదు. అయితే ఇటువంటి పనుల నడుమ చేతిలోని పానా ఒక్కసారిగా తేలికైపోయి, బోల్టు తల ఊడి చేతికి వచ్చి, మొండెం ఇంజనులోనే ఉండిపోతే ఎంతటివారికైనా గుండె జారుతుంది. కొద్ది రూపాయల బోల్టు వేల రూపాయల సిలిండర్ హెడ్డుకు ముప్పు తెచ్చే సందర్భమిది. నిజానికి హెడ్డును పాడుచేసేది విరిగిన బోల్టు కాదు. విరిగిన వెంటనే మనం చూపే తొందరపాటు.

విరగడానికి కారణాలు

మోటారు సైకిలు ఇంజను చాలావరకు అల్యూమినియం పోత. బోల్టులు ఉక్కువి. ఈ రెండు లోహాల నడుమ తేమ చేరితే అల్యూమినియం క్షయమై తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కంటె ఎక్కువ చోటు ఆక్రమించి, థ్రెడ్ల సందులను పూడ్చివేసి బోల్టును పట్టివేస్తుంది. యానాం, బరంపురం వంటి సముద్రానికి చేరువలోని ఊళ్లలో గాలిలోని ఉప్పు ఈ క్షయాన్ని మరింత వేగిరపరుస్తుంది. సైలెన్సరును హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్డులకైతే నిత్యం కాగడం, చల్లారడం, తడవడం తప్పదు గనుక అవి తుప్పు పట్టి సన్నబడతాయి. ఇంట విరిగేవాటిలో ఇవి ముందుంటాయి.

రెండవ కారణం అతిగా బిగించడం. 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. పది సెంటీమీటర్ల పానా కొసన పది కిలోల బరువు వేలాడదీసినంత బలమన్నమాట. పొడవైన పానాతో బలమైన చేయి దీనికి రెట్టింపు బలం సులభంగా చూపగలదు. ఆనాడు విరగని బోల్టు సాగి బలహీనపడి, మరునాడు విప్పేటపుడు తెగుతుంది.

మొదట రోగ నిర్ధారణ

బోల్టు ఎప్పుడు విరిగిందో గమనించవలెను. బిగించేటపుడు విరిగినదైతే ఆందోళన పడనక్కరలేదు. తల తెగగానే బోల్టులోని బిగువు పోతుంది. లోపలి ముక్క తరచు వదులుగానే ఉంటుంది. సన్నని పదునైన పంచ్‌ను ముక్క అంచున ఏటవాలుగా ఆనించి, విప్పే దిశలో సుత్తితో మెల్లగా తట్టితే తిరిగి పైకి వచ్చే అవకాశం ఉన్నది. విప్పేటపుడు విరిగినదైతే థ్రెడ్లే పట్టుకొని ఉన్నాయని అర్థం. దానికి ఓర్పు కావలెను.

నూనె, తట్టు, వేడి

ముందుగా చుట్టూ మట్టిని తీగ బ్రష్షుతో తొలగించి, తుప్పు వదిలించే పలుచని నూనె పోయవలెను. డబ్ల్యుడి-40 ప్రధానంగా తేమను తరిమేందుకు రూపొందినది. ఈ పనికి తుప్పులోకి చొచ్చుకుపోయే ప్రత్యేకమైన నూనెలు మేలు. పోసిన వెంటనే ఫలితం ఆశించరాదు. రెండు మూడు మార్లు పోసి ఒక రాత్రి ఆగడం మంచిది. మధ్యమధ్య ముక్క తలపై చిన్న సుత్తితో తట్టితే తుప్పు పొర పగిలి నూనె లోనికి దిగుతుంది.

ముక్క పైకి కొంత మిగిలి ఉంటే అదృష్టమే. ఆకురాయితో ఇరువైపులా చదును చేస్తే పానాకు పట్టు దొరుకుతుంది. థ్రెడ్లు చాలినంత ఉన్న స్టడ్డు అయితే రెండు నట్లను ఎక్కించి, ఒకదానిపై ఒకటి బిగించి, కింది నట్టును విప్పే దిశలో తిప్పవలెను. కదిలిన వెంటనే ఒకే దిశలో లాగకుండా, పావు చుట్టు విప్పి కొంత తిరిగి బిగిస్తూ, నూనె వేస్తూ ముందుకు సాగవలెను.

కదలనపుడు వేడి తోడ్పడుతుంది. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. కనుక వేడి చేయవలసినది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని. నీటిబొట్టు వేస్తే చురచురమని ఆవిరయ్యేంత వేడి ప్రారంభానికి చాలు. విద్యుత్ హీట్ గన్ క్షేమకరం. మంట వాడేవారు ఒకటి మరువరాదు: ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది, అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది. వేడి పనికి ముందు పెట్రోలు ట్యాంకును విప్పి దూరంగా ఉంచడం, పోసిన నూనెను తుడిచివేయడం తప్పనిసరి.

అంచుకు సమంగా విరిగితే

పట్టుకోవడానికి ఏమీ మిగలనపుడు వెల్డింగు మంచి మార్గం. విరిగిన ముక్కపై నట్టునుంచి, నట్టు రంధ్రం గుండా ముక్కను, నట్టును కలిపి వెల్డింగు చేస్తారు. వెల్డింగు వేడి తుప్పు పట్టును సడలిస్తుంది. కొంత చల్లారిన పిమ్మట నట్టుకు పానా వేసి తిప్పవచ్చు. బండి మీదనే చేయిస్తే ముందుగా బ్యాటరీ తీగలను తొలగించవలెను.

ఇక చివరిది డ్రిల్లు. ఇక్కడ జయాపజయాలను నిర్ణయించేది మొదటి చుక్క. విరిగిన ముఖాన్ని చదును చేసి, సరిగ్గా నడుమ సెంటర్ పంచ్‌తో గుంట పెట్టవలెను. ఉక్కు గట్టిది, అల్యూమినియం మెత్తనిది గనుక నడుమ తప్పిన డ్రిల్లు అల్యూమినియం వైపే జారుతుంది. 6 మి.మీ. బోల్టుకు 2 లేక 2.5 మి.మీ. రంధ్రంతో మొదలుపెట్టి క్రమంగా పెంచవలెను. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు దొరికితే మరీ మేలు. రంధ్రం చేస్తుండగానే ముక్క విప్పుకొని రావచ్చు. కళ్లద్దాలు లేకుండా ఈ పనికి పూనుకొనరాదు.

రంధ్రంలోకి దిగి ఎదురు దిశలో తిప్పే ఎక్స్‌ట్రాక్టరు అనే పనిముట్టు ఉన్నది. అది మిక్కిలి కఠినమైన ఉక్కు, కాని పెళుసు. బలవంతంగా తిప్పితే రంధ్రంలోనే విరుగుతుంది. అపుడు మామూలు డ్రిల్లు దానిని కోయలేదు. ఇంటి పని కాస్తా పెద్ద వర్క్‌షాపు పని అవుతుంది. ఓ మోస్తరు బలానికి కదలకపోతే దానిని తీసివేసి మళ్లీ నూనె, వేడి పెట్టడమే వివేకం.

ఏదీ ఫలించకపోతే 5 మి.మీ. వరకు రంధ్రం పెంచి, మిగిలిన సన్నని థ్రెడ్డు చుట్లను సూదిమొనతో లాగివేసి, 6 మి.మీ. ట్యాపుతో థ్రెడ్లను శుభ్రం చేయవచ్చు. థ్రెడ్లు చెడిపోయినా హెడ్డు పనికిరాదనుకొనరాదు. రంధ్రాన్ని కొంత పెంచి, హెలికాయిల్ అనే స్టెయిన్‌లెస్ ఉక్కు తీగచుట్టను బిగిస్తే పాత అల్యూమినియం థ్రెడ్ల కంటె గట్టిగా నిలుస్తుంది. ఈ పని లేతు షాపులవారికి తెలిసినదే.

ఎక్కడ ఆగవలెను?

సైలెన్సరు, ఇంజను మూతల బోల్టులతో ఇంట ప్రయత్నం చేయవచ్చు. బ్రేకు కాలిపర్, చక్రపు ఇరుసు, హ్యాండిల్, ముందు ఫోర్కులను పట్టి ఉంచే బోల్టులు విరిగితే ప్రయోగాలు తగవు. అక్కడ సగం పట్టిన థ్రెడ్డు మీద ఆధారపడేది మన ప్రాణం, వెనుక కూర్చున్నవారి ప్రాణం. ఆ భాగాన్ని విప్పి అనుభవజ్ఞుల చేతికి ఇవ్వవలెను.

కొత్త బోల్టు బిగించేటపుడు పాతదాని పొడవే ఉండేలా, తలపై గుర్తు ఉంటే అదే సంఖ్య ఉండేలా చూసుకొనవలెను. మొదటి చుట్లు చేతివేళ్లతోనే ఎక్కించవలెను. సైలెన్సరు స్టడ్డులకు రాగి పొడి కలిసిన గ్రీజు పూస్తే మళ్లీ పట్టివేయదు. అయితే గ్రీజు ఉన్న థ్రెడ్డు సులభంగా జారుతుంది గనుక బిగింపు బలం కొంత తగ్గించవలెను.

అన్నిటికంటె మేలైన చికిత్స విరగకుండా చూసుకోవడమే. విప్పేటపుడు పానా తిరుగుతున్నా బోల్టు పైకి రాక, రబ్బరు మెలిపెట్టినట్లు అనిపిస్తే అది బోల్టు ఇస్తున్న చివరి హెచ్చరిక. అక్కడే చేయి ఆపి, వెనుకకు తిప్పి, నూనె వేసి, ఆ రాత్రికి బండిని అలాగే వదిలివేయవలెను.