పేరు లేని చదివింపులు

మా అక్క పెండ్లిలో చదివింపుల నోటుబుక్కు నా చేతికిచ్చారు. ఒక కవరు మీద పేరు లేదు. మా అవ్వ ఊరుకుంటుందా? "పేరు తెలీకుంటే రేపు వాళ్లింట పెండ్లికి మనమేం పెట్టేదే?" అని మండపమంతా విచారించింది.

ఎన్నికల బాండ్ల గురించి చదువుతుంటే నాకా కవరే గుర్తొచ్చింది.

2018 జనవరిలో మొదలైన పథకమిది. మనిషైనా, కంపెనీ అయినా స్టేట్ బ్యాంకులో వెయ్యి నుంచి కోటి రూపాయల దాకా ఉండే బాండ్లు కొని పార్టీకి ఇవ్వొచ్చు. పార్టీ 15 రోజుల్లో దాన్ని ఖాతాలో వేసుకోవాలి. బాండు మీద పేరుండదు, ఎన్నికల సంఘానికీ చెప్పక్కర్లేదు. కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వకూడదనే పాత హద్దును 2017లోనే తీసేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఇవ్వొచ్చు! ఎందుకిస్తుందో మా అవ్వనడిగితే చెప్పేస్తుంది.

ఇచ్చినవాళ్ల మీద వేరే పార్టీ కక్ష కట్టకుండా పేరు దాచామన్నారు. అందులో కొంత న్యాయముంది. కానీ కోట్లు ఇచ్చేవాడు "ఇది నాదే" అని పార్టీకి చెప్పకుండా ఉంటాడా? కొన్నదెవరో బ్యాంకుకూ తెలుసు. పైగా అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనబడే నంబరు బాండు మీద ఉందని పూనమ్ అగర్వాల్ అనే విలేఖరి 2018లోనే బయటపెట్టారు. నోటుబుక్కు ఉంది, మనకు చూపలేదంతే.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తులూ ఒక్కమాటగా ఈ పథకం చెల్లదన్నారు. వివరాలివ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగితే ఒప్పుకోలేదు. మార్చిలో పేర్లొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి అందరికంటే ఎక్కువ కొన్నది మన కోయంబత్తూరు లాటరీ కంపెనీ ఫ్యూచర్ గేమింగ్, 1,368 కోట్లకు. రెండోది హైదరాబాదులోని మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లకు. ఒకటి మనముండే రాష్ట్రం, ఇంకొకటి మన భాష మాట్లాడే ఊరు. ఏప్రిల్ 19న నేను మొదటిసారి ఓటేశాను. జూన్ దాకా ఆగి ఉంటే ఈ పేర్లు తెలీకుండానే వేసేదాన్ని.

బాండ్లు పోయాయి గానీ, 20,000 రూపాయలు మించని విరాళానికి దాత పేరు చెప్పే పని ఇప్పటికీ లేదు. మా నోటుబుక్కులో 101 రూపాయలకూ పేరుంది. ఆ ఒక్క కవరు తప్ప.