బృందగానంలో ప్రపంచగీతం: ఎంపిక సమస్య

సాహిత్య సభలకు బృందగానం కొత్త కాదు. సభ మొదలయ్యే ముందు ఒక పాట, ముగిశాక ఒక పాట పాడటం అభ్యుదయ సాహిత్యోద్యమంతోపాటే మనకు అలవాటయింది. వాటిలో ఒకటి రెండైనా ఇతర దేశాల ప్రజల పాటలు ఉండాలనే కోరిక కూడా పాతదే. అది ఆరోగ్యకరమైన కోరిక. చిక్కల్లా ఏ పాట పాడాలన్న దగ్గరే వస్తుంది. దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. భావం మనదైతే చాలు, బాణీ ఎలా ఉన్నా ఫరవాలేదని కొందరంటారు. బాణీ చెవికి కొత్తగా ఉంటే చాలు, భావం ఎవరికి కావాలని మరికొందరంటారు. మొదటివారికి పాట కరపత్రం. రెండవవారికి తిరునాళ్ళ బొమ్మ. బృందగీతం విషయంలో ఈ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా వాదన. ఈ పాటలో ‘మేము’ అంటున్నది ఎవరు? ఆ ‘మేము’ ఏ పనిలో, ఏ కష్టంలో, ఏ గొంతుల అమరికలో ఏర్పడింది?

ఇది సంగీతజ్ఞుల సమస్య కదా, విమర్శ పత్రికలో దీనికేం పని అని పాఠకులకు తోచవచ్చు. కాని పాటను ఎంపిక చేసేది, దాని చరిత్ర చెప్పేది, దానికి తెలుగు మాటలు కూర్చేది చాలాచోట్ల రచయితలే. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. హైస్కూల్లో తెలుగు చెబుతూ, పదిహేనేళ్ళుగా బడిపిల్లల చేతా, మా ఊరి మిత్రుల చేతా బృందగానాలు పాడిస్తున్నవాణ్ణి. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు.

అందరికీ తెలిసిన ‘ఇంటర్నేషనల్’తో మొదలుపెడదాం. పారిస్ కమ్యూన్‌ను నెత్తుటిలో ముంచేసిన కొద్దిరోజులకు, 1871 జూన్‌లో, యూజీన్ పోతియే ఆ గీతం రాశాడు. పదిహేడేళ్ళపాటు దానికి సొంత బాణీ లేదు. 1888లో లీల్ నగరంలో పియేర్ దెగేతేర్ అనే కార్మికుడు, తాను పాడుతున్న కార్మికుల గానబృందం కోసం దానికి స్వరం కట్టాడు. అంటే ఆ బాణీ పుట్టుకే బృందం కోసం. చరణాన్ని ఒక గొంతుగాని, కొన్ని గొంతులుగాని ఎత్తుకుంటే పల్లవిలో గుంపు వచ్చి చేరుతుంది. ఆ చేరికలోనే పాట అర్థమంతా ఉంది. మన సభల్లో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా అందరూ ఒకే స్థాయిలో పాడేస్తారు. పల్లవి వచ్చేసరికి కొత్తగా చేరవలసినవారు ఎవరూ మిగలరు. అనువాదం ఎంత బాగున్నా పాటలో జరగవలసినది జరగదు.

‘ది లయన్ స్లీప్స్ టునైట్’ కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. ప్రపంచగీతాల పేరుతో గానబృందాలు తరచుగా ఎత్తుకునే ఇంగ్లీషు పాట ఇది. దీని మూలం 1939లో జొహాన్నెస్‌బర్గ్‌లో రికార్డయిన ‘ఎంబూబే’. పాడినవాడు సాలమన్ లిండా, వెంట పాడింది ఈవెనింగ్ బర్డ్స్ అనే ఆయన బృందం. లిండా జులూ పల్లె నుంచి బతుకుతెరువు కోసం నగరానికి వలసవచ్చినవాడు. జులూ భాషలో ఎంబూబే అంటే సింహం. ‘నువ్వు సింహానివి’ అనే అర్థంలో వాళ్ళు పాడిన ‘ఉయింబూబే’ను అమెరికాలో పీట్ సీగర్ రికార్డు మీద విని ‘వీమోవే’ అని రాసుకున్నాడు. వీవర్స్ బృందం 1950ల తొలి ఏళ్ళలో అలాగే పాడింది. 1961లో టోకెన్స్ బృందం పాడిన ఇంగ్లీషు పాట ప్రపంచమంతా తిరిగింది. లిండా మరుసటి ఏడే పేదవాడిగా కన్నుమూశాడు. కుటుంబం కోర్టుకెక్కి, 2006లో ఒక ఒప్పందం కుదిరితేగాని ఆ పాట రాబడిలో వాళ్ళకు న్యాయమైన వాటా అన్నమాటే లేకపోయింది.

సీగర్ ప్రజల పాట కోసం జీవితమంతా వెచ్చించినవాడు. ఆయన ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. అంతటివాడి చెవికే ఒక భాష అర్థంలేని శబ్దంగా వినిపించిందంటే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా? మూలం వింటే అసలు విషయం తెలుస్తుంది. కింది గొంతులన్నీ ఒకే మాటను చక్రంలా తిప్పుతుంటాయి. వాటిమీద లిండా గొంతు ఆడగొంతంత ఎత్తున, తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. వలస కూలీలు హాస్టళ్ళలో పోటీలు పెట్టుకుని పాడుకున్న మగగొంతుల పద్ధతి అది. ఆ పద్ధతికే ఈ పాట పేరు స్థిరపడింది. ఇంగ్లీషు పాటలో అడవి ఉంది, నిద్రపోయే సింహం ఉంది, ఆ కూలీలు లేరు. పాడదలచుకుంటే 1939 రికార్డు విని, మాట సరిగ్గా పలికి, సభలో లిండా పేరు చెప్పి పాడాలి. లేదా మానెయ్యాలి. ఇందులో నాకు మధ్యేమార్గం కనిపించదు.

అదే దేశం నుంచి నిశ్చింతగా తీసుకోదగిన పాట ‘ఎన్‌కోసి సికెలేలి ఆఫ్రికా’. 1897లో దీన్ని కూర్చిన ఈనక్ సొంటోంగా మిషన్ బడిలో ఉపాధ్యాయుడు, పిల్లల గానబృందాన్ని నడిపినవాడు. (నా వృత్తివాడు కనక పక్షపాతం అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.) 1927లో షోసా కవి శామ్యూల్ ఎంఖాయి దీనికి మరికొన్ని చరణాలు చేర్చాడు. మాటల్లో ఇది ఆఫ్రికాను దీవించమని దేవుణ్ణి వేడుకునే ప్రార్థన. మన హేతువాద మిత్రులు ఇక్కడే అడ్డుచెబుతారు. కాని తరువాత ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌గా మారిన సంస్థ 1912లో పుట్టినప్పుడు ఆ సభలో పాడింది ఈ పాటే. వర్ణవివక్ష కాలంలో సభల్లో, ఉద్యమకారుల అంత్యక్రియల్లో పాడింది కూడా ఇదే. ప్రార్థన రూపంలోకి ప్రతిఘటన వచ్చి కూర్చుంది. వస్తువుకూ రూపానికీ ఉన్న సంబంధం గురించి మనం పేజీలకు పేజీలు రాస్తాం. ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంది? 1997 నుంచి ఈ పాటలో కొంత భాగాన్ని పాత తెల్లపాలకుల గీతంతో అతికి, అయిదు భాషల్లో అక్కడ జాతీయగీతంగా పాడుతున్నారు. ఆ అతుకు వాళ్ళ రాజకీయ అవసరం. మన బృందానికి సొంటోంగా, ఎంఖాయిలది చాలు.

ఇందులో మనకు పనికివచ్చే సంగతి మరొకటి ఉంది. సొంటోంగా తన పాటలను టానిక్ సోల్‌ఫా పద్ధతిలో రాసుకున్నాడు. ఇది అయిదు గీతల మీద చుక్కలు పెట్టే లిపి కాదు, డో, రే, మీ అక్షరాలతో రాసేది. మన షడ్జమం లాగే ఇందులో డోను ఏ శ్రుతిలోనైనా నిలపవచ్చు. కాబట్టి నాలుగు గొంతుల భాగాలనూ స, రి, గ, మలలోకి దించుకోవడం ఒక సాయంత్రం పని. పియానో లేదని, ఆ లిపి రాదని వెనుకాడేవారికి ఒక హార్మోనియం చాలు.

ఇటలీ పాట ‘బెల్లా చావ్’ గురించి ఒక హెచ్చరిక. ఫాసిజాన్ని ఎదిరించిన పార్టిజాన్ల గీతంగా లోకానికి తెలిసిన ఈ పాట, వరిచేలల్లో కలుపు తీసే ఆడకూలీల పాట నుంచి పుట్టిందనే కథ మనవాళ్ళకు చాలా ఇష్టం. మనకూ కలుపు పాటలున్నాయి గదా. అయితే ఆ కలుపు మాటలు యుద్ధం ముగిశాక, 1950ల మొదట్లో వాస్కో స్కాన్సానీ కట్టినవని పరిశోధకులు చూపారు. దీనివల్ల పాట విలువ తగ్గదు. 2020–21లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు బైఠాయించినప్పుడు ఈ బాణీకి మన దేశపు మాటలు కూడా పడ్డాయి. పాట చరిత్ర అలాగే పెరుగుతుంది. వేదిక మీద వ్యాఖ్యానం చెప్పేవారు మాత్రం అందమైన కథను చరిత్రగా అమ్మకూడదు.

ఇక తెలుగు మాటల సంగతి. రచయితల బాధ్యత ఎక్కువగా ఇక్కడే. ఇంగ్లీషు వంటి భాషల్లో మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది. ఆ ఊనిక తాళం దెబ్బ మీద వచ్చేలా పాట కడతారు. మన లెక్క గురులఘువులది. బాణీ సాగిన చోట లఘువు పెడితే ‘పడు’ అన్నది ‘పాడు’ అవుతుంది, ‘కల’ కాస్తా ‘కాల’ అవుతుంది. ఒక్కడే పాడితే శ్రోత సర్దుకుంటాడు. ముప్ఫయిమంది నాలుగు భాగాలుగా పాడుతుంటే సర్దుకునే వ్యవధి ఉండదు. పైగా ‘ఇంటర్నేషనల్’ లాంటి బాణీల్లో మొదటి స్వరం తాళం దెబ్బకు ముందే వచ్చేస్తుంది. మన సంగీతంలో అతీత ఎడుపు అనేది దాదాపు ఇదే. అక్కడ తేలికైన లఘువు పెట్టకుండా బరువైన సంబోధనను కూర్చోబెడితే బృందం మొదటి అడుగులోనే తడబడుతుంది.

పాటను అనువదించమంటే మనలో చాలామంది చెయ్యి తనంతట తాను ముత్యాలసరం వైపు పోతుంది. గురజాడ ఇచ్చిన ఆ నడక మూడు, నాలుగు మాత్రల మిశ్రగతి. చిలీ పాట ‘ఎల్ పుయెబ్లో ఉనీదో’ చతురశ్రంలో నడుస్తుంది. 1973లో, సైనిక కుట్రకు కొద్దినెలల ముందు, సెర్గియో ఓర్తెగా, కిలాపయూన్ బృందం కలిసి కూర్చిన ఆ పాటకు వీధి నినాదమే పల్లవి. దాని మీద ముత్యాలసరం మాటలు పెడితే ఊరేగింపులో ఒక కాలు కుంటుతుంది. అదే బాల్కన్ దేశాల వైపు చూడండి. బల్గేరియా ‘రాచెనిత్సా’ నడక ఏడు లెక్కలు: 2, 2, 3. మాసిడోనియా ‘లెస్నోతో’ కూడా ఏడే: 3, 2, 2. రెండవది అచ్చంగా మన ముత్యాలసరపు నడక! పాశ్చాత్య సంగీతం నేర్చినవారు ఈ తాళాలు కష్టమని భయపెడతారుగాని, మిశ్రచాపు విన్న చెవికి ఇందులో కష్టమేముంది? ప్రపంచమంటే అమెరికా, పశ్చిమ యూరప్‌లే అనుకోవడం వల్ల మన పక్కింటి నడకలాంటిదాన్ని వదిలేస్తున్నాం. లెస్నోతో బాణీలకు ఎవరైనా తెలుగు కవి మాటలు కట్టి చూపితే బాగుండును.

అనువాదమే చెయ్యాలనీ లేదు. న్యూయార్కులో చదువుకునే రోజుల్లో పాల్ రాబ్సన్‌ను ఎరిగిన భూపేన్ హజారికా, ఆయన పాడిన మిసిసిపీ పాట నుంచి అస్సామీలో ‘బిస్తీర్ణో పారోరే’ కట్టాడు. నది మారింది. కదలకుండా పారుతున్నావేమని ఆ నదిని నిలదీసే గొంతు వచ్చింది.

గొంతుల అమరిక గురించి క్లుప్తంగా చెబుతాను. వేర్వేరు స్వరాలు ఒకేసారి పలికే పద్ధతి భారతీయుల చెవికి పట్టదనే మాట నిజం కాదని చేసి చూపినవాడు ఎం.బి. శ్రీనివాసన్. చిత్తూరులో పుట్టి, ప్రజానాట్య ఉద్యమంలో పనిచేసి, మద్రాసు యూత్ కోయర్ చేత అనేక భారతీయ భాషల పాటలు అలా పాడించాడు. 1988లో మరణించిన ఆయన్ను తెలుగువారు తలచుకోవలసినంత తలచుకోవడం లేదు. పశ్చిమ జార్జియాలో మొక్కజొన్న చేలు తవ్వుతూ పాడే ‘నాదురి’ పాటలను ఇలాంటి బృందం ప్రయత్నించవచ్చు. అక్కడ కూలీలు రెండు జట్లు. ఒక జట్టు విడిచిన చోట రెండవది అందుకుంటుంది, పని సాగేకొద్దీ వేగం పెరుగుతుంది. మాటల్లో చాలాభాగం మన ‘సువ్వి’లాగా పనికి ఊతమిచ్చే పదాలే కనక అనువాదం బెడద తక్కువ. దాని పక్కనే మన నాట్ల పాట ఒకటి పెడితే, ఒకామె అంటుంటే తక్కినవారు అందుకునే మన పద్ధతికీ దానికీ పోలిక, తేడా వినేవారికే తెలుస్తాయి.

చివరికి ఒక చిక్కు పాట. ఎస్టోనియాలో 1869 నుంచి పెద్ద పెద్ద గానోత్సవాలు జరుగుతున్నాయి. కవయిత్రి లిడియా కోయిదులా మాటలకు 1944లో గుస్తావ్ ఎర్నెసాక్స్ ‘ము ఇసామా ఒన్ మిను అర్మ్’ బాణీ కట్టాడు. సోవియట్ ఎస్టోనియా జాతీయగీతానికి బాణీ కట్టింది కూడా ఈయనే. 1947 ఉత్సవంలో పాడిన ఆ పాట తరువాత కార్యక్రమంలో లేకుండా పోయింది. 1960లో, కార్యక్రమపత్రంలో లేకపోయినా, పాడేవాళ్ళే దాన్ని ఎత్తుకున్నారు. 1980ల చివర అక్కడి స్వాతంత్ర్యోద్యమం పాటలతోనే నడిచింది. 1991లో ఆ దేశం సోవియట్ యూనియన్ నుంచి విడిపోయింది. రాబోయే మా జిల్లా సభకు ఈ పాటను ప్రతిపాదిస్తే ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒప్పుకోలేదు. సోషలిస్టు రాజ్యానికి ఎదురు నిలిచిన పాట మన వేదిక మీద ఎందుకన్నారు. వారి బాధ నాకు తెలియనిది కాదు. కాని అచ్చులో లేని పాటను వేలమంది ఒక్కసారిగా ఎత్తుకున్నారంటే, ‘మేము’ ఎవరన్న ప్రశ్నకు అంతకన్నా స్పష్టమైన జవాబు నేనెక్కడా చూడలేదు. ప్రజల గొంతు మనకు నచ్చిన పాటే పాడినప్పుడు మాత్రమే ప్రజల గొంతు అవుతుందా? కార్యవర్గంలో చర్చ ఇంకా తేలలేదు. బాణీ నెమ్మదైనది, నిండు గొంతులు కావాలి. మా దగ్గరున్నవి ఇరవైనాలుగు. స్వరలిపి రాయడం మాత్రం మొదలుపెట్టాను.