పాలక్యానుల్లో దాచిన చరిత్ర

మనవాళ్ళ తప్పుల్ని రాస్తే శత్రువుకి ఆయుధం అందించినట్టవుతుందా? మన సాహిత్య చర్చల్లో తరచు తల యెత్తే ప్రశ్న యిది. పీడితుల లోపాల్ని చిత్రించటం ఉద్యమానికి చేటు అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించలేను. పోలెండు రాజధాని వార్సాలో, మృత్యువు గుమ్మంలో నిలబడి యీ ప్రశ్నకు జవాబు చెప్పినవారున్నారు.

1940 నవంబరులో జర్మన్ నాజీలు వార్సా యూదులందర్నీ నగరంలో ఒక పేటకి నెట్టి, చుట్టూ గోడ కట్టి మూసేశారు. అదే వార్సా ఘెట్టో. మూడున్నర చదరపు కిలోమీటర్లకు మించని ఆ జాగాలో 1941 నాటికి సుమారు నాలుగున్నర లక్షల మంది. ఆకలీ, టైఫస్ జ్వరమూ కలిసి మనుషుల్ని వీధుల్లోనే రాల్చేశాయి.

ఆ గోడల మధ్య ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లుమ్ అనే చరిత్రకారుడు ఒక రహస్య బృందాన్ని కూడగట్టాడు. 1900లో పుట్టినవాడు, వామపక్ష కార్మిక కార్యకర్త, యుద్ధానికి ముందు బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పినవాడు. (పంతుళ్ళకి సాహసం తక్కువనే వాళ్ళు యీ మాట గమనించాలి.) యూదుల విశ్రాంతిదినమైన శనివారం నాడు కలుసుకునేవారు గనక బృందానికి ‘ఓనెగ్ షాబెస్’ అని గుప్తనామం. విశ్రాంతిదినపు ఆనందం అని దాని అర్థం. సభ్యులు సుమారు 50, 60 మంది. యిడ్డిష్, పోలిష్, హీబ్రూ భాషల్లో రాశారు. రాసినవే కాదు, ట్రాము టిక్కెట్లు, మిఠాయి కాగితాలు, రేషను కార్డులు, గోడ ప్రకటనలు, పిల్లల వ్యాసాలు కూడా పోగుచేశారు.

నన్ను ఎక్కువగా ఆకర్షించినవాడు పెరెట్జ్ ఒపొచిన్‌స్కీ. అంతకుముందు పత్రికా రచయిత, ఘెట్టోలో పోస్టుమాను. ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచుతూ, చూసినదాన్ని రిపోర్టాజులుగా రాశాడు. ఒక లోగిలిలో కాపురమున్నవాళ్ళ తగాదాలు, దొంగచాటుగా గోడ దాటే తిండిగింజల వ్యాపారం, తన పోస్టుమాను బతుకు, యివీ ఆయన వస్తువులు. రిపోర్టాజుని సాహిత్యంలో రెండో పంక్తిలో కూర్చోబెట్టే మన విమర్శకులు ఆయన్ని ఎక్కడ కూర్చోబెడతారో!

ఇక అసలు విషయం. యీ బృందం బాధితుల్ని దేవతలుగా చిత్రించలేదు. డబ్బున్నవాళ్ళు సొమ్ము కట్టి నిర్బంధ శ్రమ తప్పించుకుంటే, లేనివాళ్ళు శిబిరాల పాలు కావటాన్ని రాశారు. యూదు మండలి అన్యాయాల్ని రాశారు. 1942 జులై 22 నుంచి సెప్టెంబరు దాకా రెండున్నర లక్షలకు పైగా జనాన్ని ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించినప్పుడు, సాటివాళ్ళని ఇళ్ళలోంచి యీడ్చుకొచ్చిన యూదు పోలీసుల్ని క్షమించకుండా రాశారు. ఉచిత వంటశాల నడిపిన రాహెల్ అవర్‌బాఖ్, తన గంజి ఆకలిచావుల్ని ఆపలేకపోయిందని తానే రాసింది. హంతకుడు ఎవరన్నది వాళ్ళకి ఒక్క క్షణం కూడా మసకబారలేదు. తమ సమాజంలోని వర్గభేదాన్ని దాస్తే హంతకుడి నేరం పెద్దదవుతుందని మాత్రం వాళ్ళు అనుకోలేదు.

1942 ఆగస్టులో ఒక బడి నేలమాళిగలో పది రేకుపెట్టెల్లో కాగితాలు పెట్టి పాతిపెట్టారు. పాతినవాడు ఉపాధ్యాయుడు, సాయం పట్టింది పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ కుర్రాళ్ళు. 1943 ఫిబ్రవరిలో మరికొన్ని కాగితాల్ని రెండు పెద్ద పాలక్యానుల్లో దాచారు. బృందంలో చివరికి బతికింది ముగ్గురే: అవర్‌బాఖ్, వాసెర్ దంపతులు. 1946లో శిథిలాలు తవ్వితే పెట్టెలు దొరికాయి, లోపల నీరు చేరింది. క్యానులు 1950లో బయటపడ్డాయి. మొత్తం సుమారు 35 వేల పుటలు.

రింగెల్‌బ్లుమ్ చివరి రోజుల్లో వార్సాలోనే ఒక పోలిష్ కుటుంబం నేలకింద కట్టిన రహస్య గదిలో తలదాచుకున్నాడు. అక్కడ కూచుని పోలిష్‌వాళ్ళకూ యూదులకూ మధ్య సంబంధాల గురించి గ్రంథం రాశాడు. యూదుల్ని పట్టిచ్చి డబ్బు గుంజిన పోలిష్‌వాళ్ళ గురించీ, ప్రాణాలొడ్డి కాపాడిన పోలిష్‌వాళ్ళ గురించీ అందులో రాశాడు. 1944 మార్చిలో నాజీలు ఆ గదిని పసిగట్టారు. ఆయన్నీ, భార్యనీ, కొడుకునీ, ఆశ్రయమిచ్చిన వాళ్ళనీ చంపేశారు. ఆ గ్రంథం మిగిలింది.