నీరు తిన్న చక్రము

రాజాం నుండి పాలకొండ పోవు త్రోవలో ఒక మోటారు షెడ్డున, రాగితీగల చుట్టలకును నూనెమరకల గోనెసంచులకును నడుమ, పంపు కడుపులో తిరిగెడి పోతయినుప చక్రమును చేతిలోనికి తీసికొని చూచితిని. మెకానిక్కులు దానిని ఇంపెల్లరందురు. దాని ఆరు రెక్కలలో ప్రతిదానిపైనను, నీరు ప్రవేశించు అంచునకు కొంచెము ఈవల, చెదలు తిన్న దూలముమీదవలె గుంటలు పడియున్నవి. తుప్పు కాబోలునని నేననగా మెకానిక్కు తల అడ్డముగా నూపి, "తుప్పు కాదు బాబూ, నీరే తినేసింది" అనెను. తుప్పు చోటెంచుకొని పట్టదు. ఈ గుంటలు మాత్రము ఆరు రెక్కలమీదను ఒక్కచోటనే, ఒక్క కొలతకే పడినవి. దోషము ఇనుమునందు లేదు; చక్రపు ఆకృతియందో, పంపును బిగించిన ఎత్తునందో ఉన్నది.

నీరు ఇనుమును తినునా యని పాఠకులు శంకింపవచ్చును. నీరు నూరు డిగ్రీలయొద్ద మరుగునని మనము చిన్నతనమున చదివినది సామాన్యమైన వాతావరణపు ఒత్తిడికే చెల్లును. ఒత్తిడి తగ్గినకొలది మరుగుటకు వలయు వేడిమియు తగ్గి, ఆ ఒత్తిడి సుమారు 24వ వంతునకు దిగినచో 30 డిగ్రీల బావినీరే మరుగనారంభించును. పంపు నీటిని పీల్చుననుట వాడుకమాటయే గాని, నిజమునకు బావినీటిని పైకి నెట్టునది వాతావరణము. సముద్రమట్టమున అది ఎంత నెట్టినను 10.3 మీటర్లకు మించదు, గొట్టములోని రాపిడి మొదలైనవి పోగా ఆచరణలో 6, 7 మీటర్లే మిగులును. వేసవిలో బావి అడుగంటినప్పుడు గట్టుమీది పంపు ఆ హద్దును సమీపించును. రెక్క వెనుకవైపున ఒత్తిడి పడిపోయి నీటిలో ఆవిరిబుడగలు పుట్టును. అవి ఒత్తిడి హెచ్చుగానున్న చోటికి చేరినంతనే చితికి, సూదిమొనవంటి ధారలతో లోహమును పొడుచును. పంపులో గులకరాళ్లు దొర్లినట్లు చప్పుడగుట అందువలననే. మన తాతలనాటి ఏతమునకు ఈ బాధ లేదు. దూలముమీద మనిషి ముందునకును వెనుకకును నడువగా దిగి మునిగి లేచెడి బాన నీటిని పీల్చదు, ముంచి ఎత్తును.

ఆ బుడగ ఎచట పుట్టునో చక్రమును పోతపోయకమునుపే తెలిసికొనగలుగుట మన కాలమున సాధ్యమైన పని. ద్రవముల నడకను నియమించు సమీకరణములను నేవియర్ 1822లోను, స్టోక్స్ 1845లోను రూపొందించిరి. కాని మెలితిరిగిన రెక్కల నడుమ సుడులు తిరుగు నీటికి వానిని అన్వయించి చేతితో సాధించుట ఎవరి తరమును కాలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము ప్రారంభమైనది. దాని టర్బైన్ల వంటి యంత్రములను ఆనాటి ఇంజనీర్లు కాగితముమీది గీతలతోను, చిన్న నమూనాల పరీక్షలతోను, తరములనుండి కూడబెట్టిన అనుభవముతోను తీర్చిరి. అదే 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు మన దేశపు తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు చేరినది. ఒకే సంవత్సరమున వచ్చిన ఆ రెండింటికిని అప్పటికి ఒండొంటితో పరిచయము లేదు.

నేడు కంప్యూటరు చేయు పనిని నాగావళి యాయకట్టు రైతునకు తెలుపవలెనన్న కష్టము లేదు. పల్లపు పొలమంతయు మడులుగా కోసియుండును. ఒక్కొక్క మడికి మీదిమడవనుండి నీరు వచ్చును, క్రిందిమడవనుండి పోవును. మడి నిండియున్నప్పుడు వచ్చినదెంతో పోయినదంతే కావలెను. పంపులోపలి ఖాళీనంతటిని అట్లే లక్షలకొలది సూక్ష్మమైన మడులుగా కోసి, ప్రతి మడికిని నీటి రాకపోకలను, వేగమును, ఒత్తిడిని లెక్కకట్టుదురు. చిక్కెక్కడననగా, ఒక మడిలోని ఒత్తిడి తెలియనిదే ప్రక్కమడిలోనికి పోవు వేగము తెలియదు, వేగము తెలియనిదే ఒత్తిడి తెలియదు. మన దేశస్థుడైన సుహాస్ పతంకర్, లండనులో స్పాల్డింగు అను శాస్త్రజ్ఞునితో కలిసి, 1972లో దీనికొక మార్గము చూపెను: మొదట ఒత్తిడిని ఊహించుము, దానితో వేగము కట్టుము, రాకపోకలు సరిపడని మడులను చూచి ఊహను దిద్దుము, లెక్క నిలుకడకు వచ్చువరకు మరల మరల అట్లే చేయుము. పంపుల, టర్బైన్ల గణనలో ఆ పద్ధతియు దాని సంతానమును నేటికిని వాడుకలోనున్నవి. లెక్క ముగిసినపిమ్మట తెరమీద రంగులుగా పరచిన ఒత్తిడులలో, తక్కువయైనదానికి నీలిరంగు వేయుట రివాజు. రెక్కమీద ముదురునీలము ముగిసి ఒత్తిడి మరల హెచ్చు చోటనే రేపు గుంట పడును.

మోటారు సంగతియు ఇట్టిదే, అయితే అచట నీటికి మారుగా అయస్కాంతప్రవాహము ఇనుప పండ్లగుండ పారును. పల్లెలో లైను కొసనున్న రైతునకు 400 వోల్టులు రావలసినచోట 320 వచ్చినదనుకొందము. వోల్టేజి ఐదింట నాలుగు వంతులేగదా యనిపించును గాని, త్రిప్పుబలము వోల్టేజి వర్గమును అనుసరించి నూటికి 64కు దిగును. పంపు బరువు మాత్రము అట్లు తగ్గదు. మోటారు హెచ్చు కరెంటు లాగి, వేడెక్కి, వైండింగు కాలును. ఆ 320 వోల్టులను తీగ చుట్టకమునుపే కంప్యూటరులో పెట్టి, ఏ మూల ఎంత వేడెక్కునో చూచి, రాగిని, గాడులను మార్చవచ్చును. మన బావి లోతును, మన వరదనీటి ఇసుకను, మన లైనుకొస వోల్టేజిని లెక్కలోనికి తెచ్చుటకు వీలున్నప్పుడు, ఎక్కడిదో యంత్రమును అచ్చు దింపుకొనుట నాకు సమ్మతము కాదు.

పంపును టర్బైనును మోటారును ఒక్కటైన యంత్రములు కూడ కలవు. నాగార్జునసాగరమున ఏడు, శ్రీశైలపు ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు అట్టివి. గిరాకీ హెచ్చిన వేళ నీరు దిగునప్పుడు విద్యుత్తునిచ్చి, గిరాకీ తగ్గిన వేళ విద్యుత్తును తీసికొని అదే నీటిని వెనుకకు ఎక్కించును. సాలూరు ప్రాంతపు కొండలలో కురుకుట్టియందు 1200 మెగావాట్లును, కర్రివలసయందు 1000 మెగావాట్లును ఇట్టి పథకములే 2022లో ప్రతిపాదితమైనవి. ఆ కొండలవారి భూములమాట ఏ కంప్యూటరును తేల్చునది కాదు. దానిని వారితో కూర్చుండి తేల్చవలెను. యంత్రముమట్టుకు చెప్పవలెనన్న, టర్బైనుగా దిగునప్పుడు ఇరుకగు దారిలో వేగము పుంజుకొను నీరు రెక్కను అంటిపెట్టుకొని పోవును. పంపుగా ఎక్కునప్పుడు వెడల్పగు దారిలో వేగము కోల్పోవుచు రెక్కను విడిచి సుడిపడజూచును. కావున ఈ చక్రమును మొదట పంపుగానే తీర్చి, పిదప టర్బైనుగా సరిచూతురు. వేయి ఆకృతులను తెరమీదనే త్రోసిపుచ్చుటకు గణన సాధనము; అయినను పెద్ద యంత్రమునకు చిన్న నమూనా చేసి పరీక్షించుట నేటికిని తప్పలేదు, సుడుల లెక్కలో ఇంకను అంచనాలు మిగిలియున్నవి గనుక.

ఈ లెక్కలు కట్టు ఓపెన్‌ఫోమ్ అను సాఫ్ట్‌వేరు 2004 నుండి ఎవరికైనను ఉచితముగా లభించుచున్నది. రాజాములోను విజయనగరములోను ఇంజనీరింగు కళాశాలలున్నవి. వాని విద్యార్థులు ఒక్క సెలవుదినమున ఇట్టి షెడ్డునకు పోయి ఒక్క చక్రమును కొలిచి తెచ్చుకొన్నచో ఎంత బాగుండును!

నీలిరంగు సంగతి చెప్పి, గుంటలున్న చోటునే వ్రేలితో చూపగా మెకానిక్కు చాలసేపు ఆ చక్రమును త్రిప్పి త్రిప్పి చూచెను. పిదప ఒక రెక్కమీది గుంటలను వెల్డింగుతో పూడ్చెను. తక్కిన ఐదు మిగిలియున్నవి. వాకిట సైకిలునకు చేరగిలబడి, దానిని అదే బావికి, అదే ఎత్తున మరల బిగించుకొనుటకు రైతు వేచియుండెను.